గ్లాండు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతోంది, వాల్వ్ పేస్ట్ వేసి తిప్పొచ్చా?

మీరు చెప్పిందాన్నిబట్టి, హైడ్రాలిక్ సిలిండర్‌కి కొత్త గ్లాండు (ట్యూబు మూతికి బిగించే, రాడ్ బయటికొచ్చే మూత) చేసి, పాత లేత్ మీద ఎం60, అంటే 60 ఎంఎం వ్యాసం, 2 ఎంఎం పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) త్రెడ్ తీశారు. ట్యూబులో రెండు చుట్లు సులువుగా ఎక్కి, మూడో చుట్టుకి బిగుస్తోంది. వాల్వ్ పేస్ట్ (వాల్వ్‌లు అరగదీసే రాపిడి పొడి కలిపిన పేస్ట్) రాసి అటూ ఇటూ తిప్పితే అరిగి సర్దుకుంటుందని పక్క షాపులో అన్నారు.

దయచేసి ఆ పని చేయకండి. ఎంత కడిగినా ఆ రాపిడి పొడి త్రెడ్ మూలల్లో కొంత మిగిలిపోతుంది. తర్వాత ఆయిల్‌లో కలిసి సీళ్లనీ, హోనింగ్ చేసిన (లోపల నున్నగా రుద్దిన) ట్యూబునీ తినేస్తుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో పనిచేసే రోజుల్లో నాకూ అచ్చం ఇలాగే జరిగింది. పని ఇచ్చిన పార్టీ, అంటే కస్టమర్, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ టెన్షన్‌లో స్పానర్‌కి పొడుగు పైపు తొడిగి ఇద్దరం లాగాం. కిర్రుమంటూ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు. చివరికి గ్లాండుని బోరింగ్ చేసి (లోపలి నుంచి కోసి) తీస్తే, ట్యూబు త్రెడ్ మీద ఇనుము పీచుల్లా లేచి వేలికి గుచ్చుకుంది. గ్లాండు పోతే మళ్లీ చేసుకోవచ్చు. మంచి ట్యూబు పాడైనందుకు చాలా బాధపడ్డాను.

అసలు తప్పు గేర్లలో ఉంది. మాది అంగుళాల లీడ్ స్క్రూ (త్రెడ్ కోసేటప్పుడు టూల్‌ని జరిపే పొడుగు స్క్రూ) ఉన్న లేత్. దాని మీద మెట్రిక్ పిచ్ సరిగ్గా రావాలంటే 127 పళ్ల గేరు కావాలి. అది లేక 63 పళ్లది వేసి నడిపించేవాళ్లం. అలా చేస్తే పిచ్ 100కి 0.8 దాకా పెరుగుతుంది. ఒక చుట్టులో అది కనిపించదు. 12 చుట్లు వచ్చేసరికి 0.19 ఎంఎం అవుతుంది. అందుకే మొదట్లో సాఫీగా ఎక్కి, పోనుపోను బిగుస్తుంది. మీ లక్షణం కూడా అదే.

చూసుకోవడం తేలికే. హాఫ్ నట్ (క్యారేజ్‌ని లీడ్ స్క్రూకి పట్టించేది) వేసి, లూజ్ పోయేదాకా చక్‌ని చేత్తో తిప్పి, టూల్‌ని మోసే క్యారేజ్‌కి గుర్తు పెట్టుకోండి. అదే దిశలో సరిగ్గా 10 చుట్లు తిప్పండి. క్యారేజ్ 20 ఎంఎం జరగాలి. 20.16 దాకా పోయిందంటే గేరే కారణం. అప్పుడు ఆ గ్లాండుని ఎంత కోసినా లాభం లేదు, సరైన గేరుతో కొత్తది చేయాల్సిందే.

20 సరిగ్గా వస్తే త్రీ వైర్లతో, అంటే త్రెడ్ గాడుల్లో మూడు సన్నటి వైర్లు పెట్టి వాటి మీదుగా మైక్రోమీటర్‌తో కొలవండి. 1.155 ఎంఎం వైర్ల మీద 60.396 ఎంఎం దాటితే త్రెడ్ ఇంకా లావుగా ఉన్నట్టు, కొద్దికొద్దిగా కోయండి. కొలత సరిపోయినా ఎక్కకపోతే త్రెడ్ అంచుల మీద బర్ (కోసినప్పుడు లేచిన పదునైన అంచు) ఉందేమో చూసి, సన్నటి ఆకురాయితో తీసేయండి. తర్వాత మార్కింగ్ బ్లూ (నీలం రంగు) పల్చగా రాసి, గ్లాండుకి వేసే రబ్బరు ఓ-రింగ్ సీల్ లేకుండా వట్టి చేత్తో ఎక్కించండి. ఎక్కడ నీలం చెరిగితే అక్కడే పట్టేస్తోంది.