పాత ఇంటికి కొత్త రూపు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి. సౌ. సుజాతకు మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఫొటోలు అందాయి. ముందు గోడకు టైల్స్ అతికించాలని, హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేయాలని అనుకుంటున్నారన్నావు. మంచిదే. అయితే మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేలోపు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మీ తెనాలి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన ఆ పగుళ్లు దాని పనే కావచ్చు. ఒక్కో పగులు చివర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. వానలు వెళ్లాక పగులు ఆ గీత దాటితే లప్పంతో దాచే పని కాదు, ఇంజనీరును పిలవాలి. కదలకుండా ఉంటే పైన వెడల్పుగా, లోపల సన్నగా చెక్కి, దుమ్ము దులిపి, పగుళ్లు పూడ్చే పేస్టు నింపి, పైన ఫైబర్ మెష్ అతికిస్తే చాలు.

ఇంటి చుట్టూ గోడను ఆనించి రెండున్నర అడుగుల వెడల్పున కాంక్రీటు పోయించండి, వాలు బయటికి ఉండాలి. పునాది పక్కన మట్టి ఒకసారి తడిసి ఒకసారి ఎండకుండా అది కాపాడుతుంది. గోడవార నాటిన మొక్కలను ప్రహరీ వైపు జరపండి.

ఇక చెమ్మ. వీధి గది గోడ కింద రెండడుగుల మేర పెచ్చులు ఊడుతున్నాయి కదా, అక్కడ వాటర్‌ప్రూఫ్ రంగు కొడితే సరిపోతుందని పెయింటర్లు చెబుతారు. సరిపోదు. గోడలో నీళ్లు అలాగే ఉంటాయి. బయటికి రాలేక రంగును బుడగలుగా లేపుతాయి. చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు వరకు పాత ప్లాస్టరింగ్ ఇటుక కనిపించేదాకా కొట్టేయించు. ఇటుక మీద తేలిన తెల్లటి ఉప్పును ఇనుప బ్రష్‌తో రుద్ది దులపాలి, కడిగితే మళ్లీ లోపలికి పీలుస్తుంది. తరవాత ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు ఇసుక, బస్తా సిమెంటుకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపి పూయాలి. కనీసం వారం రోజులు తడపాలి, నాలుగు వారాలు ఆరనివ్వాలి. పండగ దగ్గర పడిందని ఈ నాలుగు వారాలు కుదించుకుంటే రంగు మళ్లీ ఊడుతుంది.

పైనుంచి దిగే నీళ్లనూ చూడండి. డాబా మీద బకెట్లతో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దతో గీయించు. గొట్టం వైపు పది అడుగులకు ఇంచుంపావు వాలు ఉండాలి. సన్‌షేడ్ల అంచు కింద అరంగుళం గాడి లేకపోతే వాన నీరు అడుగునే పాకి గోడ మీదికి వస్తుంది. కిటికీల కింద ఆ నల్లటి చారలు అవే.

టైల్స్ సంగతి. పాత రంగు మీద సిమెంటు పాలు పూసి అతికిస్తే పట్టు ఉండదు, రెండు మూడు వేసవులకు డొల్లగా మోగుతాయి. రంగు గీకి, గోడంతా చిన్న చిన్న గంట్లు పెట్టి, టైల్ అధెసివ్‌తోనే అతికించాలి, మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. నన్నడిగితే గేటు స్తంభాలకూ, అరుగు ముందు మూడడుగుల ఎత్తుకూ చాలు. పై గోడకు రంగే బాగుంటుంది.

రంగు లెక్క ఇది. ఇంటి ముందు ముఖం 30 అడుగుల వెడల్పు, 22 అడుగుల ఎత్తు, అంటే 660 చదరపు అడుగులు. కిటికీలు, గుమ్మం పోను 550 అనుకో. రెండు కోట్లకు లీటరుకు దాదాపు 50 చొప్పున 11 లీటర్లు. డబ్బాలన్నీ ఒకేసారి కొని పెద్ద బకెట్‌లో కలిపేయించు, లేకపోతే డబ్బాకీ డబ్బాకీ ఛాయ తేడా వస్తుంది. బయట పెట్టే లప్పం తెల్ల సిమెంటుది అయితేనే వానకు ఆగుతుంది. పడమటి గోడకు పొద్దుటి పూటే వేయాలి, కాలిన గోడ మీద రంగు సరిగా పట్టకముందే ఆరిపోతుంది. షేడ్ కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది ఎంచుకో, పెద్ద గోడ మీద ముదురుగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఫొటోలో ఇంటిని పాడుచేస్తున్నది రంగు కాదు. ముఖం మీద వేలాడే కేబుల్ తీగలు, గుమ్మం పక్కన పైపులు. వాటిని ఒక మూలకు చేర్చి గోడ రంగే వేయిస్తే సగం పని అయిపోతుంది.

లోపలికి వస్తే, ఇది పిల్లర్లు లేని ఇల్లు. స్లాబ్ బరువు మోసేది గోడలే. తొమ్మిదంగుళాల గోడను ఇంజనీరు లేకుండా ముట్టుకోవద్దు. నాలుగున్నర అంగుళాల గోడ అయినా దాని మీద మేడపై గోడ ఉందేమో చూడాలి. అయినా గోడ మొత్తం తీయడం నాకు నచ్చదు, పోపు ఘాటు, నూనె జిడ్డు సోఫాల దాకా వస్తాయి. వంటగట్టు ఎత్తులో నాలుగడుగుల కిటికీలా తెరిస్తే వెలుతురూ వస్తుంది, గిన్నెలూ అందించుకోవచ్చు. ఆ ఖాళీ పైన వేసే దూలం, అదే లింటెల్, మాత్రం అటూ ఇటూ తొమ్మిదేసి అంగుళాలు గోడ మీద కూర్చోవాలి.

వంటగట్టు ఎత్తు అందరికీ ఒకటే అనే మేస్త్రీ మాట వినకు. ఎక్కువగా వండేది నువ్వే కనుక నిలబడి మోచేయి ఎత్తు కొలిచి, అందులో ఐదంగుళాలు తగ్గించు. లోతు 24 అంగుళాలు. పొయ్యికీ సింకుకూ మధ్య కనీసం రెండడుగుల గట్టు ఉంటేనే కూరలు తరగడానికి చోటు. గట్టు ఎదురుగా గోడకు మూడున్నర అడుగులు ఖాళీ వదలండి.

హాల్లో సోఫాలు కొనే ముందు వాటి కొలతలకు పాత పేపర్లు కత్తిరించి నేల మీద పరిచి, వాటి మధ్య నడిచి చూడండి. వీధి గుమ్మం నుంచి వంటింటికి, అక్కయ్య గది నుంచి బాత్రూముకు మూడడుగుల దారి మిగలాలి. రాత్రిళ్లు లేచే మనిషికి టీపాయ్ అడ్డం రాకూడదు.

లప్పం కంటే ముందే కరెంటు గాడులు కొట్టించు. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ విడివిడిగా లాగాలి, లైట్లకు ఒకటిన్నర చాలు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పకుండా పెట్టించు.

హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న గోడ మందం ద్వారబంధం దగ్గర టేపుతో కొలవండి. ప్లాస్టరింగ్‌తో కలిపి పది అంగుళాలు వస్తే తొమ్మిదంగుళాల గోడే, ఆరు లోపు వస్తే సన్న గోడ. మేడ మీద దాని నెత్తిన ఏముందో కూడా చూసి రాయి. అప్పటిదాకా సుత్తి పట్టనివ్వకు.

ఇట్లు,
మావయ్య