బ్యూనస్ ఎయిర్స్‌లో మూడు నెలలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నేను కళాశాల అధ్యాపకుడిగా పదవీ విరమణ పొందాను. నాకు 61 ఏళ్లు, నా శ్రీమతికి 57. ఇద్దరమూ కొంతకాలంగా స్పానిష్ నేర్చుకుంటున్నాము. సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఉండి, ఆ భాషను అక్కడి మనుషుల మధ్యే విని, మాట్లాడి రావాలని కోరిక. ఇల్లు ఇక్కడి నుంచే మూడు నెలలకూ మాట్లాడుకోవాలా? పలెర్మో పేటలో ఉండమని అడిగిన ప్రతి ఒక్కరూ చెబుతున్నారు. అది సరైన సలహాయేనా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీరు ఎంచుకున్న కాలం చాలా మంచిది. మనకు వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరులో అక్కడ వసంతం మొదలవుతుంది. నవంబరులో జకరండా చెట్లు పూసి వీధులకు వీధులే ఊదారంగులోకి మారిపోతాయి. జనవరిలో వెళ్లి ఉంటే ఉక్కపోతతో పాటు, ఊరివారిలో చాలామంది సముద్రతీర పట్టణాలకు తరలిపోగా సగం మూతపడిన పేటలు మీకు కనిపించేవి.

అయితే మీరు వేసుకున్న తేదీలలో ఒక చిక్కు ఉంది. సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తే 91 రోజులు అవుతాయి. పర్యాటకులకు ఒక దఫాకు సాధారణంగా ఇచ్చే గడువు 90 రోజులు. అక్కడి వలస వ్యవహారాల కార్యాలయానికి దరఖాస్తు చేసి గడువు పొడిగించుకునే వీలు ఉన్నప్పటికీ, ఒక్క రోజు కోసం ఆ తిరుగుడు ఎందుకు? తిరుగు ప్రయాణాన్ని నాలుగైదు రోజులు ముందుకు జరుపుకోండి. భారతీయ పాస్‌పోర్టు గలవారికి వీసా అవసరం. ఢిల్లీలో రాయబార కార్యాలయం, ముంబైలో కాన్సులేటు ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులకు మాత్రం 2025 ఆగస్టులో అర్జెంటీనా మినహాయింపు ప్రకటించింది. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లివచ్చిన తల్లిదండ్రులు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు గనుక, ముందు మీ పాస్‌పోర్టు తిరగేసి చూసుకోవడం మంచిది. వైద్య బీమా లేకుండా సందర్శకులు ప్రవేశించరాదని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, బీమా పత్రాన్ని అచ్చు వేయించుకుని చేతి సంచిలోనే ఉంచుకోండి. బీపీ, మధుమేహం వంటి పాత జబ్బులు ఉంటే, ఆ పాలసీ వాటికి వర్తిస్తుందో లేదో చదివిన తరువాతే డబ్బు కట్టండి.

ఇక ఇంటి సంగతి. మూడు నెలల అద్దె ఇక్కడి నుంచే చెల్లించవద్దని మా గట్టి సలహా. మొదటి పది, పదిహేను రోజులకు మాత్రమే గది తీసుకుని, ఆ వ్యవధిలో మూడు నాలుగు పేటలలో ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి నడిచి చూసి, ఆ తరువాత మిగిలిన కాలానికి ఇల్లు మాట్లాడుకోండి. ఫొటోలలో వీధి చప్పుడు వినిపించదు. అక్కడి సిటీ బస్సులు చాలా మార్గాలలో రాత్రంతా తిరుగుతాయి. పెద్ద రోడ్డువైపు పడకగది ఉంటే నిద్ర మీద ఆశ వదులుకోవలసిందే. స్థానికులు చేసుకునే మామూలు అద్దె ఒప్పందానికి, స్థిరాస్తి గల వ్యక్తి ఎవరైనా పూచీ ఉండాలని యజమానులు అడుగుతారు. అది మీకు సాధ్యం కాదు కాబట్టి, సామాను సహా నెలల లెక్కన ఇచ్చే తాత్కాలిక అద్దె ఇళ్లే మీకు దారి. వీటికి అద్దె ఎక్కువగా డాలర్లలో చెబుతారు. 2020 నాటి అద్దె చట్టాన్ని 2023 డిసెంబరులో రద్దు చేసిన తరువాత, ఒప్పందకాలమూ చెల్లించే కరెన్సీ రెండూ ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకునేవే అయ్యాయి. బేరం ఆడడానికి మొహమాటపడనవసరం లేదు. ప్రకటనలో రెండు గదులని ఉంటే హాలుతో కలిపి రెండు అని అర్థం చేసుకోండి. పడకగది ఒక్కటే ఉంటుంది. భవన నిర్వహణ రుసుము అద్దెలో కలిసి ఉందా, వేరుగా కట్టాలా అన్నది కాగితం మీద రాయించుకోండి.

పలెర్మో అందమైన పేట, చెట్ల నీడ, పార్కులు, కాఫీ దుకాణాలు అన్నీ ఉన్నాయి. కానీ భాష కోసం వెళ్లే మీకు మేము దానిని సూచించము. అక్కడ మీరు కష్టపడి స్పానిష్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇంగ్లీషులో వచ్చే అవకాశమే ఎక్కువ. అద్దెలు కూడా ఆ పేరు ప్రతిష్ఠలకు తగినట్టే ఉంటాయి. మీరు కబాషీతో పేటను చూడండి. నగరానికి సరిగ్గా నడిబొడ్డున, మధ్యతరగతి కుటుంబాలు నివసించే చోటు అది. 1889 నాటి ప్రొగ్రెసో మార్కెట్టు అక్కడే ఉంది. రివదావియా పార్కులో పాతపుస్తకాల దుకాణాలు వరుసగా ఉంటాయి, అధ్యాపకులు కాబట్టి మీ సాయంత్రాలు అక్కడే గడిచిపోవచ్చు. 1913లో ప్రారంభమైన, లాటిన్ అమెరికాలోకెల్లా మొదటి భూగర్భ రైలు మార్గమైన ఎ లైను ఆ పేట గుండా వెళుతుంది. అల్మాగ్రో కూడా ఇటువంటిదే. పద్ధతిగా పాఠాలు వినదలిస్తే బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయపు భాషా ప్రయోగశాల విదేశీయులకు స్పానిష్ తరగతులు నడుపుతుంది.

ఆ నగర పరిసరాలలో అనుకోకుండా సుమారు రెండు నెలలు ఉండిపోయిన భారతీయుడు రవీంద్రనాథ్ ఠాగూర్. పెరూ వెళుతూ జబ్బుపడి 1924 నవంబరులో బ్యూనస్ ఎయిర్స్‌లో దిగిన ఆయనకు, రచయిత్రి విక్టోరియా ఒకాంపో శివారు పట్టణమైన సాన్ ఇసిద్రోలో నదికి ఎదురుగా ఉన్న మిరాల్‌రియో అనే ఇంట బస ఏర్పాటు చేసింది. 1925 నాటి 'పూరబి' కవితా సంపుటిని ఆయన ఆమెకే అంకితమిచ్చారు. రెతీరో స్టేషను నుంచి లోకల్ రైలులో సాన్ ఇసిద్రో వెళ్లి రావచ్చు. ఒకాంపో సొంత ఇల్లు ఇప్పుడు యునెస్కో ఆస్తిగా, సందర్శకులకు తెరిచి ఉంది. ఒక రోజు దానికి కేటాయించండి.

డబ్బు విషయంలో పాత యాత్రా పుస్తకాలలోని ధరలను నమ్మకండి. 2023లో 211 శాతం, 2024లో 118 శాతం దాకా ధరలు పెరిగిన దేశమది. మన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నోట్ల రూపంలో ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకు తీసుకెళ్లవచ్చు. మిగిలినది ఫారెక్స్ కార్డులో వేసుకోండి. వంద డాలర్ల నోట్లు కొత్తవి, మడతలు లేనివి అడిగి తీసుకోండి, మాసిన నోటుకు అక్కడ పేచీ పెడతారు. ఫోనును వీధి అంచున నిలబడి చూడవద్దు; మోటారుసైకిల్ మీద వచ్చి లాక్కుపోయే దొంగలు అక్కడ పాత బెడద.

ప్రశ్న: మేము శాకాహారులము. గొడ్డుమాంసానికి పేరుపడ్డ ఆ దేశంలో నెలల తరబడి ఎలా నెట్టుకురావాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే నెట్టుకురావడం కాదు, హాయిగానే ఉండవచ్చు. దియెతెతికా అని బోర్డు ఉండే చిన్న దుకాణాలు దాదాపు ప్రతి పేటలోనూ ఉంటాయి. పప్పు దినుసులు, శనగలు, గింజలు, మసాలా దినుసులు అక్కడ తూకానికి అమ్ముతారు. కందిపప్పును ఆశించకండి, పసుపుపచ్చ బఠానీ బద్దలతో పప్పు, చారు రెండూ కుదురుతాయి, ఎర్రపప్పు కూడా దొరుకుతుంది. అక్కడివారు కారం తినరు కనుక మామూలు కూరగాయల కొట్లలో ఘాటైన మిర్చి అరుదు. అందుకు లినియెర్స్ పేటలోని బొలీవియా వారి సంతకు వెళ్లాలి. రకరకాల మిరపకాయలు, బంగాళాదుంపలు అక్కడ పోగులు పోసి ఉంటాయి. అల్లం, బియ్యం వంటివాటికి బెల్‌గ్రానోలోని చైనా వీధి ఉంది. పెరుగు డబ్బాలలో ఎక్కువ భాగం చక్కెర, వెనిల్లా కలిపినవే. చక్కెర లేనిదని రాసి ఉన్నది ఒక్కటి వెతికి తెచ్చి, దానితోనే పాలు తోడు పెట్టుకోండి. మన మిక్సీ కూడా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి విద్యుత్తు 220 వోల్టులు, దాదాపు మనదానితో సమానమే. ప్లగ్గుకు అడాప్టరు మాత్రం కావాలి.

బయట తినేటప్పుడు జాగ్రత్త పడవలసినది మాంసం ముక్క గురించి కాదు, అది కంటికి కనిపిస్తుంది; కొవ్వు గురించి. మొక్కజొన్న, పాలకూర కూరిన ఎంపనాదాలు (మన కజ్జికాయ ఆకారంలో ఉంటాయి) చూడడానికి శాకాహారమే అయినా, పై పిండిలో పశువుల కొవ్వు కలపడం మామూలు. ఉదయం కాఫీతో తినే నెలవంక రొట్టెలు వెన్నతో చేసినవి వేరు, కొవ్వుతో చేసినవి వేరు, అడిగి తీసుకోండి. పిజ్జా దుకాణాలలో దొరికే ఫైనా మాత్రం నిశ్చింతగా తినవచ్చు. శనగపిండి, నీరు, నూనె, ఉప్పు కలిపి ఓవెన్‌లో కాల్చిన అట్టు అది. పచ్చిమిర్చి ఒక్కటే లోటు. ఆవకాయ తీసుకెళ్లదలిస్తే కస్టమ్స్ ప్రకటనలో తప్పక చూపండి. విత్తనాలు, పచ్చి కాయగూరలు, పాల పదార్థాల మీద ఆంక్షలు ఉన్నాయి. రాత్రి భోజనానికి హోటళ్లు నిండేది తొమ్మిది దాటాకే.

ప్రశ్న: మా కంపెనీ ఎక్కడి నుంచైనా పనిచేయనిస్తుంది. ఆరు నెలలు అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: గడియారం సంగతి ముందు చూసుకోండి. అక్కడి కాలం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక. మన ఉదయం పది గంటలకు అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. మీ సహోద్యోగులు భారత వేళల్లో పనిచేసేవారైతే ఈ ఆలోచన మానుకోవడమే మేలు. అమెరికా ఖాతాదారుల కోసం ఇక్కడ రాత్రుళ్లు మేలుకునేవారికి మాత్రం అదే పని అక్కడ పగటిపూట సాగుతుంది. పర్యాటక వీసా ఉద్యోగానికి ఉద్దేశించినది కాదు కాబట్టి, మీ పరిస్థితిని వివరించి రాయబార కార్యాలయం నుంచి రాతపూర్వకమైన జవాబు పొందండి. పన్ను బాధ్యత గురించి కంపెనీ అనుమతి కూడా కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు టీకా పత్రం అడుగుతారట, నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: నిజమే. ఎల్లో ఫీవర్ వ్యాపించగల దేశాల జాబితాలో భారత ప్రభుత్వం అర్జెంటీనాను, విమానాలు తరచుగా ఆగే బ్రెజిల్‌ను కూడా చేర్చింది. పత్రం లేకుండా వస్తే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు తరలించవచ్చు, అది ఆరు రోజుల వరకు ఉంటుంది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవారికి మొదటిసారి వేసే ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కాస్త ఎక్కువ. గుడ్డు పడనివారికి అసలు తగదు. కనుక పై హనుమకొండ పాఠకుడు సహా పెద్దవయసువారు, టికెట్టు కొనకముందే వైద్యుణ్ణి కలవాలి. వైద్యుడు వద్దంటే, మినహాయింపు పత్రంతో వచ్చేవారి విషయంలో ఏం చేస్తారో విమానాశ్రయ ఆరోగ్య అధికారులను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.