ఒక్క రోజు ఏసీ పనికి 9,600 లేబరా?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల చిన్న కారు. రెండు వేసవుల్లోనూ 2,500 చొప్పున పెట్టి ఏసీ గ్యాస్ నింపించాను. మళ్లీ చల్లదనం పోయింది. కూలింగ్ కాయిల్ లీకవుతోందని సర్వీస్ సెంటర్‌ వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. పార్టులు 11,400, లేబర్ 9,600 (కాయిల్‌కి 6,000, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కి 1,800, వాక్యూమ్, గ్యాస్‌కి 1,800), 18 శాతం జీఎస్టీతో మొత్తం 24,780 రూపాయలు. బయట మెకానిక్ 13,000కే చేస్తానంటున్నాడు. ఒక్క రోజు పనికి ఇంత లేబరా? క్రెడిట్ కార్డు మీద కట్టేయనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లేబర్ అంటే మెకానిక్‌ చేతికి వెళ్లే రోజు కూలి అనుకుంటాం. సర్వీస్ సెంటర్లలో లెక్క వేరు. ఏ పనికి ఎన్ని గంటలో ముందే అనుకుని, దాన్ని గంట రేటుతో గుణిస్తారు. పని త్వరగా అయినా, ఆలస్యమైనా మీ బిల్లు మాత్రం అదే. అందుకే బేరమాడే ముందు ఎన్ని గంటలు వేశారో, గంటకి ఎంతో విడివిడిగా అడగండి.

కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీస్తేగానీ దాని దగ్గరికి చెయ్యి పోదు. అయిదు నుంచి ఎనిమిది గంటల పని. కొన్ని మోడళ్లలో గ్లవ్ బాక్స్ తీసి పక్క నుంచి లాగేయొచ్చు, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. మీది మొదటి రకమైతే ఆ 6,000 నాకు ఎక్కువ అనిపించలేదు. రెండో రకమైతే గట్టిగా అడగాల్సిందే.

నాకు మింగుడుపడనిది కాయిల్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ పక్కన వేసిన 1,800. కాయిల్ బయటికి రావాలంటే చాలావరకు వాల్వ్ ఎలాగూ ఊడదీయాలి. ఒకే పనికి రెండుసార్లు లేబర్ ఎందుకు? అది తీసేయమనండి. జీఎస్టీతో కలిపి 2,124 తగ్గి, బిల్లు 22,656కి దిగుతుంది. అలాగని వాల్వ్ మార్చడం మానేయొద్దు. తర్వాత అదొక్కటే పోతే మళ్లీ గ్యాస్ అంతా తీసి నింపాలి. గ్యాస్‌కి వేసిన 1,800 న్యాయమే. వాక్యూమ్‌కే, అంటే పైపుల్లోని గాలి, తేమ లాగేయడానికే, కనీసం అరగంట పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు, లీకు కాయిల్‌లోనే అని ఎలా తేల్చారో అడగండి. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి చూశారా, లీకు చోటు కనబడేలా రంగు (డై) వేసి చూశారా? లీకు కారు ముందు వైపు ఉండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో అయితే డ్యాష్‌బోర్డు జోలికే వెళ్లక్కర్లేదు. లీకు వెతక్కుండా గ్యాస్ నింపించుకుంటూ పోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. నేనూ ఒకప్పుడు మూడుసార్లు పోశాను లెండి.

బయటి మెకానిక్‌ని కాదనను. ఆ 13,000లో వాల్వ్, గ్యాస్ ఉన్నాయా, కాయిల్ ఏ కంపెనీది, లీకు మళ్లీ వస్తే ఎన్ని నెలల వరకు ఉచితంగా చూస్తాడు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ రేటు రేటే కాదు.

మామూలు ఇన్సూరెన్స్ అరుగుదలకి డబ్బివ్వదు, దాని మీద ఆశ వద్దు. గడువులోగా పూర్తిగా కట్టగలిగితేనే కార్డు గీకండి. బాకీ మిగిలితే చాలా కార్డులు నెలకి మూడు శాతం పైనే వడ్డీ లాగుతాయి. ఎమర్జెన్సీ ఫండ్ కూడా ముట్టుకోవద్దు, ఏసీ లేకపోయినా కారు నడుస్తుంది. మే నెల గుంటూరులో ఈ మాటంటే తిడతారని తెలుసు. అయినా రెండు జీతాలు ఆగి, చేతి డబ్బుతో చేయించండి. అంతవరకు ఏసీ స్విచ్ నొక్కొద్దు. గ్యాస్‌తో పాటే తిరిగే ఆయిల్ అందక కంప్రెసర్ కూడా పోయిందంటే, ఇప్పటి ఎస్టిమేటే నయం అనిపిస్తుంది.