అదను దాటాక అందిన విత్తనం

సూడాన్‌లో ఇన్నాళ్లుగా యుద్ధం సాగుతుండగా బయటి నుంచి వెళ్లే సాయం పూటకింత తిండి పెట్టడమే తప్ప, ప్రజలు తమ కాళ్లపై నిలబడేందుకు ఏమైనా తోడ్పడుతుందా అని మీరు అడిగారు. తప్పకుండా తోడ్పడుతుంది. అయితే అది అదనుకు చేరాలి, స్థానికుల చేతికే చేరాలి. యుద్ధానికి కొన్నేళ్ల ముందు తూర్పు సూడాన్‌లోని గెదారెఫ్ ప్రాంతంలో జొన్న విత్తనాల పంపిణీలో పనిచేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

గెదారెఫ్ నేలలు మన రేగడి లాంటివే. అక్కడ జూన్‌లో వానలు మొదలవుతాయి, జూలైలోగా జొన్న విత్తాలి. ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే వేళకు నేలలో తేమ మిగలదు. ఆ ఏడాది మా విత్తనం పోర్టు సూడాన్‌లో అనుమతి కాగితాల కోసం ఆగిపోయి, ఆగస్టు చివర్లో గానీ ఊళ్లకు చేరలేదు. సంచులు పంచిన మర్నాడు ఒక ఊరికి వెళితే, విత్తనశుద్ధి మందు పట్టించిన ఆ గులాబీ రంగు గింజలను ఆడవాళ్లు బేసిన్లలో వేసి కడుగుతున్నారు. ఎన్ని నీళ్లు మార్చినా రంగు వదలడం లేదు. అవి విషమనీ తినకూడదనీ మా దుబాసీ ద్వారా చెప్పించాను. ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, "అయితే ఈ రాత్రికి పిల్లలకు ఏం వండాలో మీరే చెప్పండి" అన్నారు. వాళ్లు మత్మూరా అని పిలిచే జొన్న పాతర ఆ ఇంట్లో అడుగు వరకు ఖాళీ అయింది. మంచి పంట పండిన ఏడు నింపుకుంటే ఆ పాతరే వాళ్లను కరవు దాటించేది. ఆ పంపిణీ మాత్రం నివేదికలో నూటికి నూరు శాతం పూర్తయినట్లు నమోదైంది. గింజ మొలిచిందా అని అడిగే గడి ఆ పత్రంలో లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నిలదొక్కుకునే శక్తిని బయటివారు నేర్పాలన్న వాదనను నేను ఒప్పుకోను. 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక ఖార్టూమ్ వాడల్లో యువతీయువకులు అత్యవసర స్పందన బృందాలుగా ఏర్పడి, తకాయా అనే ఉమ్మడి వంటశాలలు నడిపి, పెద్ద సంస్థల లారీలు చేరలేని చోట్ల అన్నం పెట్టారు. 2025 ఆరంభంలో అమెరికా సాయం నిలిచిపోగానే, చేతిలో నిల్వ డబ్బు లేని ఆ వంటశాలల్లో చాలా భాగం మూతపడ్డాయి. వారికి శక్తి లేక కాదు, ఏడాది ముందుగా డబ్బు చేతిలో పెట్టేంత నమ్మకం దాతలకు లేక అలా జరిగింది.

విత్తనం సంగతీ ఇంతే. మన పటాన్‌చెరులో కేంద్ర కార్యాలయం ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తరఫున సూడాన్‌లో పనిచేసిన శాస్త్రవేత్త గెబిసా ఎజెటా రూపొందించిన హజీన్ దురా-1 సంకర జొన్న 1983లో విడుదలైంది. దేశంలోని వ్యవసాయ పరిశోధకులతో కలిసి చేసిన అలాంటి పనే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ యుద్ధంలో వాద్ మదనీలోని జాతీయ విత్తన బ్యాంకు దోపిడీకి గురైంది. కాపాడగలిగిన నమూనాలను అక్కడి శాస్త్రవేత్తలు 2025 ఫిబ్రవరిలో నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి పంపారు.

కాబట్టి సాయం చేయదలచిన వారికి నేను చెప్పేది ఒక్కటే. స్థానిక బృందాలకు డబ్బును మే నెలలోపు చేర్చండి, విత్తనం ఆ ప్రాంతపు రైతుల దగ్గరే కొనండి, విత్తనంతోపాటు కోతల దాకా సరిపడే తిండిగింజలు కూడా ఇవ్వండి.