సీసా సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఇన్హిబిటర్ సీసాల ఫొటోలు చూశాను, ఇల్లు వెచ్చబరిచే రేడియేటర్ల నీళ్లలో తుప్పు పట్టకుండా పోసే మందు. ఒకటి 7 పౌండ్లు, రెండోది 19. "రెండూ ఇన్హిబిటరే కదా మామయ్యా, ఏది కొనమంటావు?" అని అడిగావు. ఈ వారం ఏదీ కొనకు. ముందు హీటింగ్ ఆపి, అంతా చల్లారాక, హాల్లో రేడియేటర్ పైమూలన గాలి వదిలే వాల్వ్‌ను కీతో కొంచెం తిప్పి ఒక గాజు సీసాడు నీళ్లు పట్టు. కింద పాత తువ్వాలు మందంగా వెయ్యి. లోపలి నీళ్లు నల్లగా ఉండి కార్పెట్ మీద పడితే మచ్చ ఇక పోదు. మా ఇంట్లో పడ్డ మచ్చను మీ అత్తయ్య ఇప్పటికీ వచ్చిన వాళ్లందరికీ చూపిస్తుంది.

నీళ్లు కాటుక కలిపినట్టు నల్లగా ఉంటే అది మురికి అనుకోకు, మీ రేడియేటర్ల ఇనుమే అది. సీసా బయట అయస్కాంతం పెడితే ఆ నలుపు అటు జరుగుతుంది. దాని పేరు మాగ్నెటైట్. నేను కొత్తగూడెం థర్మల్ స్టేషన్ నీళ్ల ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో ఇదే మాగ్నెటైట్‌ను కంటికి రెప్పలా చూసుకునేవాళ్లం. అక్కడి వేడికి అది బాయిలర్ గొట్టాల లోపల పల్చటి పొరలా అతుక్కుని ఇనుమును కాపాడుతుంది. ఇళ్లలో అంత వేడి ఉండదు కాబట్టి బురదలా ఊడి కింద చేరుతుంది. రేడియేటర్ పైన వేడిగా, కింద చల్లగా ఉందంటే బురద పేరుకున్నట్టే. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి పట్టినట్టు. అదీ ప్రతిసారీ గాలి కాకపోవచ్చు. లోపల ఇనుము తింటున్నప్పుడు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది మండే వాయువు. అగ్గిపుల్ల గీసి చూద్దామని మాత్రం అనుకోకు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్తాను. బర్మింగ్‌హామ్‌లో మేం మొదట కొన్న ఇల్లు పాతది. బాయిలర్ కొత్తది పెట్టించాను, అన్నిటికంటే ఖరీదైన ఇన్హిబిటర్ తెచ్చి పోయించాను. లోపల పైపులు కడిగించాలంటే ఇంకో రోజు కూలి అని మానేశాను. నీళ్ల కెమిస్ట్రీ మీద జీతం తిన్నవాడిని నేను! బూడిదలో పోసిన పన్నీరైంది. రెండు చలికాలాలు తిరగకుండానే కుళాయిలో వేడినీళ్లు గోరువెచ్చగా రావడం మొదలైంది. విప్పి చూస్తే బాయిలర్లో కుళాయి నీళ్లను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ నిండా నల్లటి ముద్ద. పంపు కూడా పోయింది. ఖర్చు 300 పౌండ్లు దాటింది. అంటే మంచి సరుకు కొన్నా పని చెడిందన్నమాట.

కాబట్టి నీళ్లు నల్లగా వస్తే ముందు లోపలి పైపులు శుభ్రం చేసే క్లీనర్ పోయించి, దాని మీద చెప్పినన్ని రోజులు నీళ్లు తిప్పి, మొత్తం వదిలేసి, తేటగా వచ్చేదాకా కడిగించు. క్లీనర్లలో యాసిడ్ రకాలు ఉంటాయి. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టినట్టు తళతళలాడిస్తాయి కానీ, పాత రేడియేటర్లో పల్చబడ్డ చోట కన్నం పడొచ్చు, బాగా కడగకపోతే తర్వాత కూడా తింటూనే ఉంటాయి. ఇంటికి యాసిడ్ లేని న్యూట్రల్ రకం చాలు. డిష్‌వాషర్ బిళ్లలు కరిగించి పోస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకో.

ఆ తర్వాత సీసా. నీ ఫొటోను పెద్దది చేసి వెనక లేబుల్ చదివాను. 7 పౌండ్లది 50 లీటర్లకు, 19 పౌండ్లది 100 లీటర్లకు. మీ ఇంట్లో తొమ్మిది రేడియేటర్లు. రేడియేటర్‌కు సుమారు 10 లీటర్లు అనుకుంటే 90 లీటర్లు. చవకది రెండు సీసాలు కావాలి, 14 పౌండ్లు. నీకు కనిపించిన తేడా 12, అసలు తేడా 5. ఒక్క సీసాతో సరిపెడదామని చూస్తే సగం మోతాదే అవుతుంది, కాపలా పెట్టినట్టే ఉంటుంది కానీ కాపలాదారు నిద్రపోతుంటాడు.

పేరున్న కంపెనీదే కావాలని నేను అనను. ఫెర్నాక్స్, సెంటినెల్ మంచివే, నేను వాడేవీ అవే. కానీ ప్లంబింగ్ షాపుల సొంత బ్రాండ్ మీద బిల్డ్‌సర్ట్ గుర్తు ఉంటే నిశ్చింతగా కొను. స్వతంత్రంగా పరీక్షించాకే ఆ గుర్తు ఇస్తారు. అల్యూమినియంకు పనికొస్తుందని కూడా రాసి ఉండాలి. రాగి పైపులు, ఉక్కు రేడియేటర్లు, ఇత్తడి వాల్వులు ఉన్నచోట బాయిలర్ లోపల అల్యూమినియం కూడా ఉంటే, ఒకదాన్ని కాపాడే మందు ఇంకోదాన్ని తినకూడదు కదా. నువ్వు పంపిన చవక సీసా మీద ఆ గుర్తూ లేదు, అల్యూమినియం మాటా లేదు. అందుకే వద్దంటున్నాను, ధర చూసి కాదు. రెండు బ్రాండ్లు కలిపి పొయ్యొద్దు.

ఇంకో సంగతి. పోయిన ఉగాదికి ఫోన్లో నువ్వే అన్నావు, ప్రెజర్ పడిపోతుంటే నెలకోసారి నీళ్లు నింపుతున్నానని. ఎక్కడో లీక్ ఉంది. నింపిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది, పోసిన మందు పల్చబడుతుంది. పైగా మీ రెడింగ్ నీళ్లలో సున్నం ఎక్కువ, అదీ చేరుతుంది. రేడియేటర్ వాల్వుల మొదట్లో టిష్యూ చుట్టి చూడు, తడి తెలుస్తుంది. గోరుతో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోకు. లీక్ పూడ్చే మందు అంటూ అమ్మే డబ్బా జోలికి మాత్రం పోకు. బాయిలర్ మూత నువ్వు విప్పొద్దు, అది గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్‌లో రిజిస్టరైన వాళ్ల పని.

డబ్బు పెట్టాలనుకుంటే అయస్కాంతం ఉన్న ఫిల్టర్ మీద పెట్టు. బ్రిటన్‌లో ఇళ్ల హీటింగ్ నీళ్ల గురించిన బీఎస్ 7593 అనే ప్రమాణాన్ని 2019లో మార్చినప్పుడు ఫిల్టర్ పెట్టాలని, ఏటా మందు ఉందో లేదో చూడాలని, 5 ఏళ్లకోసారి మళ్లీ పోయాలని, లేదంటే ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించాలని చేర్చారు. చేయించిన ప్రతి పనీ బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో బెంచ్‌మార్క్ అనే సర్వీసు రికార్డు పేజీల్లో రాయించు. రేపు వారంటీ అడిగితే ముందు అదే చూస్తారు.

పాత మందు ఇంకా పనిచేస్తోందో లేదో తెలియాలంటే రెండు మేకులు చాలు. జింకు పూత లేనివి, గరుకు కాగితంతో రుద్ది, ఒకటి రేడియేటర్ నీళ్లలో, ఒకటి కుళాయి నీళ్లలో వేసి గట్టిగా మూత పెట్టు. వారం తర్వాత రెండు సీసాల ఫొటో పంపు. కుళాయి నీళ్ల మేకు తుప్పు పట్టి రెండోది మెరుస్తుంటే మందు ఉన్నట్టే. సీసా మీద ఏమిటో రాసి పెట్టు. మా ఇంట్లో కిటికీలో పెడితే మీ అత్తయ్య ఏదో కషాయం పాడైందనుకుని పారబోసింది.

మీ మామయ్య