అత్తెసరు పాస్తా

రాజమండ్రి,
గురువారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

పొద్దున ఫోన్లో నేను చెప్పింది సగం విన్నావు, మిగతా సగం ఆటో అతనితో బేరమాడావు. అందుకే రాసి పంపిస్తున్నాను. శనివారం రాత్రి నీ గదికి ముగ్గురు స్నేహితులు వస్తున్నారు, క్రీమ్ పాస్తా చేసి పెడతానని గొప్పగా మాటిచ్చేశావు, తీరా చూస్తే నీ దగ్గరున్నవి ఒక ఇండక్షన్ పొయ్యి, మీ అమ్మ కొనిచ్చిన 3 లీటర్ల కుక్కరు. అంతేగా? టెన్షన్ పడకు. ఆ రెండూ చాలు. జల్లెడ గిన్నె కూడా కొనక్కర్లేదు.

అత్తయ్యకి పాస్తా ఏం తెలుసు అనుకోకు. ఐదారేళ్ల క్రితం వేసవి సెలవులకి నా మనవరాలు వచ్చి, రోజూ పప్పన్నమేనా అని మూతి ముడుచుకుంటే మొదలుపెట్టాను. మొదటిసారి కందిపప్పుకి పెట్టినట్టే మూడు విజిళ్లు రానిచ్చాను. మూత తీస్తే పాస్తా కనబడలేదు, తెల్లటి ముద్ద ఉంది. గరిటె గుచ్చితే నిటారుగా నిలబడింది. మీ మావయ్య తొంగి చూసి, "ఎలక్షన్లు వస్తున్నాయా, పోస్టర్లు అంటించాలా?" అన్నాడు. రెండోసారి ఇంకా తెలివి ఉపయోగించాను. క్రీముగా రావాలంటే నీళ్లెందుకు, పాలే పోద్దామని అర లీటరు పాలు పోసి మూత పెట్టాను. విజిల్ రాకముందే వెయిట్ పక్కనుంచి పాలు చిమ్మి పొయ్యి, టైల్సు, గోడమీది క్యాలెండరు అన్నీ తడిశాయి. అడుగున అంగుళం మేర మాడు. దాన్ని గోకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు తప్పులూ నేను చేసేశాను కాబట్టి నువ్వు మళ్లీ చేయక్కర్లేదు.

అసలు కిటుకు మీ నానమ్మ దగ్గరే ఉంది. ఆవిడ అన్నం రెండు రకాలుగా వండేది. నీళ్లు ఎక్కువ పోసి, ఉడికాక గంజి వార్చడం ఒకటి. కొలిచి ఎసరు పోసి, నీళ్లన్నీ అన్నంలోనే ఇగిరిపోయేలా అత్తెసరు పెట్టడం ఇంకొకటి. పాస్తా ప్యాకెట్ వెనక రాసి ఉండేది వార్చే పద్ధతి. పెద్ద గిన్నెడు నీళ్లు మరిగించి, ఉడికాక వంచేయమంటాడు. కుక్కర్లో మనం చేసేది అత్తెసరు. పాస్తాలోంచి దిగిన గంజి అంతా గిన్నెలోనే ఉండిపోతుంది. ఆ గంజే నీ సాసుకి చిక్కదనం. వెన్న, చీజ్ అందులో వేస్తే విడిపోకుండా కలిసిపోతాయి. ఇటలీ వాళ్లు పాస్తా వార్చినా ఒక గరిటెడు నీళ్లు పక్కకి తీసి సాసులో పోసుకునేది ఇందుకే. రోమ్‌లో అల్ఫ్రెడో అనే హోటలాయన పేరు మీద ప్రపంచమంతా చేసుకునే పాస్తా ఉంది చూడు, మొదట ఆయన చేసినదాంట్లో క్రీమే లేదు. వెన్న, చీజ్, ఆ ఉడికిన నీళ్లు, అంతే. కాబట్టి క్రీమ్ ఎక్కువ పోస్తేనే క్రీమీగా వస్తుందనే భ్రమ వదిలేయ్.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదువు. దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసిందే తీసుకో. అందులో ప్రోటీన్ ఎక్కువ, కుక్కర్ వేడికి కూడా ఆకారం నిలుపుకుంటుంది. మైదా కలిసిన చవక రకం అయితే నా పోస్టర్ల జిగురు మళ్లీ తయారవుతుంది. చిన్న గొట్టాల్లా ఉండే పెన్నే గానీ, మెలికలు తిరిగిన ఫ్యుసిల్లీ గానీ తీసుకో. పొడుగు స్పగెట్టీ జోలికి పోకు, కుక్కర్లో కట్టలు కట్టలుగా అతుక్కుంటుంది. 500 గ్రాముల ప్యాకెట్లో సగం వాడు. మీ 3 లీటర్ల కుక్కరుకి 250 గ్రాములే హద్దు. గంజి పొంగుతుంది కాబట్టి కుక్కరు సగానికి మించి నిండకూడదు. నలుగురు మగపిల్లలకి అది చాలదనిపిస్తే పక్కన వెన్న, వెల్లుల్లి రాసి బ్రెడ్ కాల్చు.

ఇక పని. మూత పెట్టేముందు దాన్ని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి చూడు. వెలుగు కనబడాలి. మొన్నటి పప్పు ఎండి అడ్డం పడితే పిన్నీసుతో తీసెయ్. ఇది ఎప్పుడూ మానకు, నవ్వుకున్నా సరే.

కుక్కర్లో రెండు చెంచాల వెన్న, ఒక చెంచా నూనె వెయ్యి. ఎనిమిది వెల్లుల్లి రేకలు సన్నగా తరిగి వేసి, వాసన రాగానే ఒక ఉల్లిపాయ తరుగు వెయ్యి. ఎర్రగా వేయించకు, మెత్తబడితే చాలు, లేకపోతే తెల్లగా రావాల్సిన సాసు బిర్యానీ రంగులోకి పోతుంది. క్యారెట్ ముక్కలు, స్వీట్ కార్న్ గింజలు ఒక్కో గుప్పెడు వెయ్యి. క్యాప్సికం ఇప్పుడు వద్దు, మెత్తగా చితికిపోతుంది. ఇప్పుడు 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చెక్క గరిటెతో అడుగంతా ఒకసారి గీరు. అడుగున అంటుకున్న వెల్లుల్లి ముక్క ఒక్కటున్నా అక్కడే మాడు మొదలవుతుంది. ఒక టీ స్పూను ఉప్పు వెయ్యి. టీవీలో పెద్ద వంటవాళ్లు సముద్రపు నీళ్లలా ఉప్పగా ఉండాలంటారు, వాళ్లు ఆ నీళ్లు పారబోస్తారు. మన ఉప్పు ఎక్కడికీ పోదు, పైగా చీజ్‌లో ఉప్పుంటుంది. ఉప్మా ఎసరు రుచి చూసినట్టు చూసుకో, దానికంటే కాస్త చప్పగా ఉండాలి. చివర్న పాస్తా పోసి, గరిటెతో నొక్కి నీళ్లలో మునిగేలా సర్దు. ఇక కలపకు.

ఇండక్షన్ పొయ్యిని 2000 వాట్లలో పెట్టి తొందరపడకు. అడుగు భగ్గుమని వేడెక్కుతుంది, నీళ్లు మరిగేలోపే కింద పాస్తా అంటుకుంటుంది. 1000, 1200 మధ్య ఉంచు. ఒక్క విజిల్. ఒక్కటంటే ఒక్కటే. విజిల్ రాగానే కట్టేసి, కుక్కరుని పొయ్యి మీంచి పక్కకి దించు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మీ బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 97 దగ్గరే. కుక్కరు లోపల 120 దాకా పోతుంది. ప్యాకెట్ మీద 11 నిమిషాలని రాసి ఉందని లెక్కపెడుతూ కూర్చుంటే అయిపోయినట్టే. ఆవిరి పట్టేలోపే పాస్తా సగం ఉడికిపోతుంది, విజిల్ దాన్ని పూర్తి చేస్తుంది.

దించాక రెండు నిమిషాలు ఆగు, మూడు కూడా పర్లేదు. అంతకుమించి అన్నంలాగా ప్రెషర్ మొత్తం దానంతటదే పోయేదాకా వదిలేస్తే లోపల ఉడుకుతూనే ఉంటుంది. అలా అని వెంటనే విజిల్ లాగేయకు, గంజి నురుగు ఆవిరితో పాటు మీదికి చిమ్ముతుంది. మొహం దూరంగా పెట్టి, ఫోర్కుతో వెయిట్‌ని కొంచెం ఎత్తు. ఉత్త ఆవిరి వస్తే అలాగే పట్టుకో. తెల్ల నీళ్లు వస్తే దించేసి, అర నిమిషం ఆగి మళ్లీ ఎత్తు. ఆవిరి చప్పుడు పూర్తిగా ఆగితేనే మూత. మూత రాకపోతే రానట్టే, బలం చూపించకు. మనింట్లో అలా మూతతో కుస్తీ పట్టి, పప్పుని సీలింగ్ మీద చూసినవాళ్లున్నారు. పేరు చెప్తే నాకు రెండు రోజులు కాఫీ ఉండదు.

మూత తీయగానే చూస్తే పైన తెల్లటి నీళ్లు తేలుతూ ఉంటాయి. పాడైపోయిందని నాకు ఫోన్ చేయకు. అదే మన గంజి, ఒక కప్పు దాకా మిగలాలి. ఒక ముక్క తీసి కొరికి చూడు. మధ్యలో చిన్న పలుకు తగిలితే సరిగ్గా ఉంది, సాసులో అది సర్దుకుంటుంది. గట్టిగా ఉంటే మూత లేకుండా రెండు నిమిషాలు ఉడకనివ్వు. తక్కువ ఉడికినదాన్ని బాగుచేయొచ్చు, ఎక్కువ ఉడికినదానికి మందు లేదు. ఒక్క విజిల్ అని నేను మొండిపట్టు పట్టేది అందుకే.

క్రీమ్ ఇప్పుడు, పొయ్యి కట్టేశాక. ఇది బాగా గుర్తుపెట్టుకో. అమెరికాలో అమ్మే హెవీ క్రీమ్‌లో కొవ్వు 36 శాతమైనా ఉంటుంది, మరిగించినా తట్టుకుంటుంది. వీడియోల్లో వాళ్లు కుతకుత ఉడికించేది అది. మన దగ్గర డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ 25 శాతమే, మరుగు తగిలితే విరిగి పలుకులు పలుకులుగా తేలుతుంది. ముందు అర కప్పు గోరువెచ్చని పాలు పోసి కలుపు, తర్వాత 100 మిల్లీలీటర్ల క్రీమ్, తర్వాత రెండు చీజ్ క్యూబులు తురిమి వెయ్యి. చీజ్‌ని పది నిమిషాలు ఫ్రీజర్లో పెడితే చేతికి అంటకుండా తురుముకోవచ్చు. మోజరెల్లా బాగా సాగుతుంది కదా అని అది తేకు, పిజ్జాకి బాగుంటుంది గానీ ఇక్కడ తీగలుగా ఉండ కడుతుంది. క్యూబుల్లో ఉండే ప్రాసెస్డ్ చీజ్‌లో కరిగినప్పుడు కొవ్వు, నీరు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు. అందుకే నున్నగా కరుగుతుంది. గరిటెతో అడుగునుంచి పైకి మెల్లగా ఒక నిమిషం తిప్పు. మొదట జారుగా, సాంబారులా కనబడుతుంది. మూత వారగా పెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్. మళ్లీ చూసేసరికి దగ్గరపడి, ప్రతి గొట్టానికీ లోపలా బయటా సాసు పట్టి ఉంటుంది. పక్కింట్లో పెనం దొరికితే ఆ ఐదు నిమిషాల్లో క్యాప్సికం ముక్కల్ని దానిమీద నూనె చుక్కతో కరకరలాడేలా తిప్పి పైన వెయ్యి.

క్రీమ్ దొరక్కపోతే వాన్లో పరిగెత్తకు. పాల మీగడ రెండు చెంచాలు గిలక్కొట్టి పాలతో కలిపి వేసుకో, అయితే అదే రోజు తీసిన మీగడ కావాలి, పులిసింది పనికిరాదు. లేదా పోయినసారి నేనిచ్చిన పలాస జీడిపప్పు ఇంకా మిగిలి ఉంటే (డౌటే) పదిహేను పలుకులు వేడినీళ్లలో నానేసి మెత్తగా రుబ్బి వెయ్యి. నన్నడిగితే క్రీమ్ కంటే అదే రుచి. మీ మావయ్య మాత్రం ఏది వేసినా పక్కన ఆవకాయ పెట్టుకునే తింటాడు. పెరుగన్నానికి తమ్ముడిలా ఉందంటాడు, అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కారం విషయంలో నీ ఇష్టం. నేను రెండు పచ్చిమిరపకాయలు చీరి ఉల్లిపాయతో పాటే వేస్తాను, దించాక మిరియాలు కచ్చాపచ్చాగా దంచి చల్లుతాను. పిజ్జాతో పాటు వచ్చే ఓరెగానో పొట్లాలు నీ డ్రాయర్లో ఎన్నుంటాయో నాకు తెలుసు. టమాటా వేస్తే క్రీమ్ విరిగే అవకాశం ఎక్కువ, మొదటిసారికి వద్దు.

ముందే వండి పెట్టుకోకు. వాళ్లు చెప్పులు విప్పాక మొదలుపెట్టినా ముప్పావు గంటలో పళ్లేల్లో ఉంటుంది. ఆగేకొద్దీ పాస్తా సాసుని పీల్చేసుకుంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి అచ్చులా గడ్డకడుతుంది. కాసిని పాలు పోసి సన్న సెగ మీద కదిపితే మళ్లీ దారికొస్తుంది. కుక్కరు మాత్రం ఆ రాత్రే నీళ్లు పోసి నానబెట్టు, వెయిట్, ఆవిరి గొట్టం కూడా కడుగు. ఆరిన గంజి సిమెంటే.

ఇంకో మాట. శుక్రవారం రాత్రి నీకొక్కడికే 100 గ్రాములతో ఒకసారి చేసి చూసుకో. అయితే పాస్తా తగ్గించానని నీళ్లు అదే లెక్కన తగ్గించకు. ఎంత వండినా కుక్కర్లోంచి ఆవిరిగా పోయే నీళ్లు దాదాపు అంతే. 100 గ్రాములకి 300 మిల్లీలీటర్లు పోసి, ఉప్పు అర స్పూను కంటే తక్కువ వెయ్యి. మూత తీయగానే ఒక ఫోటో తీసి పంపించు. నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చూసి, శనివారానికి ఎంత పోయాలో చెప్తాను. తొమ్మిదిన్నర దాటితే మావయ్య ఫోన్‌కి పంపు, నేను పడుకుంటాను, ఆయన ఎలాగూ క్రికెట్ చూస్తూ ఉంటాడు.

ఇట్లు,
మీ అత్తయ్య