రోడ్డు రేసుకి దిగుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. గేర్ల సైకిల్ కొన్నావని, జిల్లా సెలెక్షన్లకి దిగుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మీది కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లా. శ్రీకాకుళంలో బరువులెత్తే పిల్లలకి దారి చూపేవాళ్ళు ఉన్నారు. సైకిల్ రేసుకి అలాంటివాళ్ళు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

రోడ్డు రేసంతా బలాన్ని పొదుపు చేసుకునే ఆట. ఆఖరి కిలోమీటర్లో ఎవడి కాళ్ళలో ఇంకా మిగిలుంటే రేసు వాడిది. నేను చెప్పేవన్నీ ఆ పొదుపు కోసమే.

అన్నిటికంటే ఎక్కువ బలాన్ని తినేసేది గాలి. గంటకి 30 కిలోమీటర్ల వేగం నుంచి 40కి వెళ్ళాలంటే, గాలిని చీల్చడానికే రెండింతల పైన శక్తి కావాలి. అందుకే రేసులో అందరూ గుంపుగా, ఒకరి చక్రం వెనక ఒకరు దాక్కుని తొక్కుతారు. ముందువాడి వెనక సరిగ్గా కుదురుకుంటే నీ శ్రమ కనీసం పావు వంతు తగ్గుతుంది. ఇది టీవీలో చూస్తే రాదు. ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని పోగుచేసుకుని కళింగపట్నం రోడ్డు మీద సాధన చెయ్యండి. పొద్దున్నే వెళ్తే గాలి పెద్దగా తెలీదు. సాయంత్రం నాలుగింటికి సముద్రం వైపు బయలుదేరితే గాలి ఎదురు కొడుతుంది, అప్పుడు వెళ్ళండి. నిమిషానికొకరు చొప్పున ముందుకొచ్చి గాలి కాయాలి, అంటే వెనకవాళ్ళకి గాలి తగలకుండా అడ్డుండాలి, తర్వాత పక్కకి తప్పుకుని వెనక చేరాలి. మొదట్లో ముందు చక్రానికీ నీ చక్రానికీ మధ్య మీటరు దూరం ఉంచు, ధైర్యం వచ్చాక తగ్గించుకో. నీ ముందు చక్రం అవతలివాడి వెనక చక్రానికి పక్కగా ఎప్పుడూ రానివ్వకు. వాడు జానెడు పక్కకి జరిగినా పడేది నువ్వే. గుంటో, కుక్కో కనిపిస్తే చెయ్యి చూపించి అరవడం ముందున్నవాడి బాధ్యత.

టూర్ డి ఫ్రాన్స్ అని మూడు వారాల పెద్ద సైకిల్ రేసు ఉంది. దాని ఫలితాల్లో ఒక్కడి పేరే పైన ఉంటుంది గానీ, ఒక్కో జట్టులో ఎనిమిది మంది తొక్కుతారు. నీళ్ళ సీసాలు తెచ్చిచ్చేవాడు ఒకడు, గాలి కాసేవాడు ఒకడు. 2024లో మొదటి రోజు ఎండకి మార్క్ కావెండిష్ వాంతులు చేసుకుని బాగా వెనకబడిపోయాడు. జట్టువాళ్ళు వాడిని వదలకుండా పక్కనే ఉండి గడువులోపల గీత దాటించారు. నాలుగు రోజుల తర్వాత అదే మనిషి తన 35వ స్టేజ్ (ఆ రేసులో ఒక్కో రోజు పోటీని స్టేజ్ అంటారు) గెలిచి, పాతకాలపు ఛాంపియన్ ఎడ్డీ మెర్క్స్ 34 గెలుపుల రికార్డు దాటాడు. ఆ మొదటి రోజు తోడున్నవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. నీ పక్కన తొక్కేవాళ్ళని నువ్వూ అలాగే చూసుకో.

ఇక తిండి. మన ఎండలో గంటకి ముప్పావు లీటరు నీళ్ళు తాగాలి, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకో. తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి, ఒక అరటిపండు చాలు. గంటన్నర దాటే తొక్కుడైతే గంటకి ఇంకో అరటిపండు, ఒక బెల్లం ముక్క. ఆకలి వేశాక తిందామనుకుంటే అప్పటికే ఆలస్యం. కళ్ళు తిరిగి, కాళ్ళు చచ్చుబడి, రోడ్డు పక్కన కూర్చుండిపోతావు. పెద్ద రేసుల్లో గంటకి 90 గ్రాములకి పైగా పిండిపదార్థం తింటారంటే, వాళ్ళు పొట్టకి కూడా అలవాటు చేసుకున్నారని అర్థం. రేసు రోజున కొత్త తిండి జోలికి పోకు. ఆ రోజు రేసు మొదలవడానికి మూడు గంటల ముందే ఇడ్లీలు తినెయ్యి.

తొక్కిన దూరం, వేగం చూపించే స్ట్రావా అనే ఫోన్ యాప్‌లో నంబర్లు చూసుకుని రోజూ దంచి కొట్టే కుర్రాళ్ళు నెలకే మోకాళ్ళు పట్టుకుంటారు. వారంలో మూడు రోజులు పక్కవాడితో ఆగకుండా కబుర్లు చెప్పగలిగే వేగంలోనే తొక్కు. ఒక్కరోజు గట్టిగా: ఐదేసి నిమిషాలు రొప్పు వచ్చేలా తొక్కి, ఐదు నిమిషాలు తేలిక. అలా నాలుగు సార్లు. ఆదివారం మూడు గంటలు. మిగతా రోజులు సైకిల్ ముట్టుకోవద్దు. పెద్ద గేరు వేసి బలంగా నొక్కే అలవాటు మానుకో, నిమిషానికి 85, 90 చుట్లు తిరగాలి కాళ్ళు.

కార్బన్ సైకిల్ కావాలని అమ్మని వేధించకు. ప్రపంచ స్థాయి రేసుల్లోనే 6.8 కిలోల కంటే తేలికైన సైకిల్‌ని ఒప్పుకోరు. నీకిప్పుడు ఆ బరువు సంగతి అనవసరం. ఆ డబ్బుతో మంచి హెల్మెట్, ప్యాడ్ ఉన్న షార్ట్స్, 28 ఎం.ఎం. టైర్లు కొను. షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఒరుసుకుంటుంది. మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కినప్పుడు కాలు సరిగ్గా నిటారుగా ఉంటే సీటు ఎత్తు దాదాపు కుదిరినట్టే. టైర్‌కి సన్న వాల్వ్ ఉందా చూసుకో. మామూలు సైకిల్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, అది ఎప్పుడూ జేబులో ఉండాలి. సముద్రం వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ చైను పొడిగుడ్డతో తుడిచి నూనె చుక్కలు వెయ్యి. ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది.

కోతలప్పుడు వడ్లు, చోళ్ళు రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీద బ్రేక్ కొట్టినా, హ్యాండిల్ తిప్పినా చక్రం జారిపోతుంది. దూరం నుంచే వేగం తగ్గించి తిన్నగా పోనివ్వు. రైతుని కసురుకోవద్దు, అది వాళ్ళ ఏడాది కష్టం.

సెలెక్షన్లకి ముందు ఒక ఆదివారం విజయనగరం వచ్చెయ్. తెల్లారకముందే బయలుదేరి ఎస్.కోట, బొడ్డవర దాటి అరకు ఘాట్ ఎక్కుదాం. ఎక్కడం నీకు ఎలాగూ వస్తుంది, దిగడం నేర్పాలి: మలుపుకి ముందే బ్రేక్ వేసుకోవడం, బయటివైపు పెడల్ కిందకి నొక్కి ఉంచడం, బస్సు వంపు కోసుకుంటూ మన వైపుకి వస్తుందని ముందే అనుకోవడం. బస్సు మీద సైకిల్ వేయిస్తే గేర్లున్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టించు, లేకపోతే వెనక గేరు వంగిపోతుంది. స్పేర్ ట్యూబులు రెండు తెచ్చుకో. నీ చక్రం సైజు ఇక్కడి షాపుల్లో దొరుకుతుందని నాకు నమ్మకం లేదు.

మీ మామయ్య,
విజయనగరం